ఒకే గడపకు నాలుగోసారి సమన్స్

2022 జూన్ నెల. ఆ ఏడాది వానలు తొందరగానే పట్టుకున్నాయి. వరంగల్‌లో ఒక జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో నేను ప్రాసెస్ సర్వర్‌ని. కోర్టు నంబరు రాయడం లేదు. ఇందులో మనుషుల పేర్లు కూడా మార్చాను. నా పేరు మాత్రం మార్చలేదు. తప్పు చేసిన చోట నా పేరే ఉండాలి కదా.

ప్రాసెస్ సర్వర్ అంటే కోర్టు కాగితాలను ఇళ్లకు చేర్చే మనిషి. ఎవరైనా మీ మీద దావా వేస్తే, ఫలానా తారీఖున వచ్చి మీ జవాబు చెప్పుకోండి అని కోర్టు పంపే పిలుపు సమన్స్. దాన్ని పట్టుకుని మీ తలుపు కొట్టేది మేమే. మీ చేతికిచ్చి, సంతకం తీసుకుని, ఎప్పుడు వెళ్లాం, ఎవరు కనపడ్డారు, ఏమన్నారు అన్నది దాని వెనుక రాసి కోర్టుకు వాపసు ఇవ్వాలి. ఆ రాతను రిటర్న్ అంటారు. మనిషి తీసుకోనంటే, చూసినవాళ్ల పేర్లు రాసుకుని తలుపుకు అంటించి రావాలి. మమ్మల్ని చూసి సంతోషపడే ఇల్లు ఉండదు. ఒకసారి హన్మకొండలో ఒకాయన నన్ను చూసి కుక్కను విప్పాడు. ఆ కుక్క నన్ను వాసన చూసి పోయి పడుకుంది. ఆయనే ఇంకా మొరుగుతూ ఉన్నాడు.

నేను చదువుకుని ఈ పనికి రాలేదు. మాది పాలంపేట దగ్గర పల్లె, పెళ్లయ్యేదాకా నాట్లు వేశాను. నా భర్త కోర్టులో అటెండర్. ఆయన పోయాక ఆ ఉద్యోగం నాకిచ్చారు. అప్పటికి నాకు అక్షరం రాదు. కేసు కట్టలను దారం రంగును బట్టి, అట్ట మీద మరకను బట్టి గుర్తుపట్టి జడ్జి గారి బల్ల మీద పెట్టేదాన్ని. ముప్పై ఆరో ఏట సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దాను. ఓపెన్ స్కూల్లో పది పాసయ్యాక ప్రాసెస్ సర్వర్‌గా ప్రమోషన్ వచ్చింది. కొత్తలో భయానికి అన్నీ డైరీలో రాసుకునేదాన్ని. దావా నంబరు, ఇంటి నంబరు, తలుపు ఏ దిక్కు, ముందు చెట్టుందా, చేతిపంపుందా, అన్నీ. వరంగల్‌లో ఇంటి నంబర్లను నమ్ముకుంటే పని కాదు. పాత నంబరు పక్కనే కొత్త నంబరు, దాని పక్కన ఎవరో రంగుతో రాసిన ఇంకో నంబరు ఉంటాయి.

ఆ జూన్‌లో ఒకరోజు నాకిచ్చిన కాగితాల్లో ఒక సమన్స్ కొత్తవాడకు ఉంది. వాది పేరు సరోజన, ప్రతివాది పేరు రాజమణి. వాది అంటే దావా వేసిన మనిషి, ప్రతివాది అంటే ఎవరి మీద వేశారో ఆ మనిషి. రాజమణి పేరు పక్కన తండ్రి పేరు ఉంది, ఇంటి నంబరు కొత్తది. నాకేమీ తట్టలేదు. నంబరు అడుక్కుంటూ సందులు తిరిగి, చివరికి ఒక ఇంటి ముందు ఆగాను. తలుపు తూర్పుకుంది. గడప పక్కన కరివేపాకు చెట్టు ఉంది. లోపలి నుంచి జంపఖానా మగ్గం వాసన, అంటే తడి నూలు, రంగు కలిసిన వాసన వస్తోంది. నా కాళ్లకు ఆ గడప తెలుసు. అంతకు ముందు మూడు దావాల్లో అక్కడికి వచ్చాను.

ఆ మూడూ వేసింది పక్కింటి భిక్షపతి సారు. కాజీపేటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, భుజానికి కాగితాల సంచి. పదిన్నరకు బెంచి గుమాస్తా కూర్చోకముందే కోర్టు వరండాలో ఈయన కూర్చుని ఉండేవాడు. తన వాయిదా లేని రోజు కూడా వచ్చి పక్కవాళ్ల కేసులు వినేవాడు. ఏ జడ్జి ఏ నెలలో బదిలీ అయ్యారో మా ఆఫీసులో కంటే ఆయనకే బాగా తెలుసు. చెడ్డమనిషని నేననను. రైలు దిగాక ఆయనకు టైము ప్రకారం నడిచే చోటు కోర్టు ఒక్కటే కనపడినట్టుంది.

రెండిళ్ల మధ్య రెండడుగుల సందు ఉంది. అది తనదని మొదటి దావా. సాక్షులొచ్చారు, దస్తావేజులు చూశారు, సందు రాజమణిదే అని తీర్పు వచ్చింది. పై కోర్టుకు పోలేదు. జడ్జి బదిలీ అయ్యాక, రాజమణి చూరు నీళ్లు ఆ సందులో పడుతున్నాయని రెండో దావా వేశాడు. వాయిదాలకు తిప్పి తిప్పి, తను రావడం మానేశాడు, కొట్టేశారు. ఆ జడ్జి కూడా వెళ్లాక మూడోది. 2019లో రాజమణి మగ్గాల షెడ్డు పక్కగోడను ఇటుకతో కట్టుకోబోతే, పని ఆపమని వేశాడు. దావాతోపాటు మధ్యంతర ఉత్తర్వు కూడా తెచ్చుకున్నాడు. అంటే, అవతలివాళ్లు వచ్చి చెప్పుకునేదాకా పని ఆపండని కోర్టు ఇచ్చే తాత్కాలిక ఆర్డర్. అర్జంటని వాది ప్రమాణపత్రం పెడితే, ఒక్కోసారి అవతలి మనిషిని వినకుండానే ఇస్తారు. తర్వాత ఇద్దరినీ విని ఉంచడమో తీయడమో చేస్తారు.

నా తప్పు అక్కడే జరిగింది.

ఆ మూడో సమన్స్ తీసుకుని వెళ్లినప్పుడు రాజమణి నన్ను చూసి గడప మీదే కూలబడింది. ఆమె భర్త అదే సంవత్సరం మంచాన పడ్డాడు. మూడు మగ్గాలనూ ఆమే చూసుకుంటోంది. "అక్కా, జర మళ్ల రా. ఇంట్ల ఎవలు లేరని రాస్కో. నాకు ఇయ్యాల కోర్టు మాట ఇన ఓపిక లేదు," అంది. నాకు పాపమనిపించింది. రిటర్న్ మీద "ఇంటికి తాళం వేసి ఉన్నది, ప్రతివాది ఊళ్లో లేరు" అని రాశాను. రెండోసారి వెళ్లినా అట్లాగే రాశాను.

అది దయ అనుకున్నాను. సమన్స్ అందనిదే రాజమణి కోర్టుకు రాదు, ఆమె రానిదే ఆ ఆర్డర్ మీద వాదన జరగదు. వాదన జరగకపోతే ఆర్డర్‌ను వాయిదా వాయిదాకు పొడిగిస్తూ పోతారు. నాలాంటి వాళ్ల చేతిలో కాగితం ఆగిపోతే లాభం భిక్షపతి సారుకే. రెండు నెలలు గోడ సగంలో ఆగింది. సగం గోడ వానకు నాని లోపలికి పడి ఒక మగ్గం విరిగింది. విరిగిన మగ్గాన్ని ఆమె మళ్లీ పెట్టలేదు. నేను ఆ గోడను చూసి వచ్చి, ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ దావా కూడా పోయింది. కానీ మగ్గం రాలేదు కదా.

ఇప్పుడు నాలుగో సమన్స్ నా చేతిలో ఉంది.

రాజమణి షెడ్డు మధ్యలో నిలబడి పైకి చూస్తోంది. పైన కప్పు లేదు. పాత రేకులు విప్పి గోడకు ఆనించారు. కొత్త రేకులు గల్లీలో ట్రాలీ ఆటో మీదే ఉన్నాయి. రెండు మగ్గాల మీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. మేస్త్రీ నిచ్చెన దగ్గర బీడీ తాగుతున్నాడు.

"వచ్చినవా కోర్టక్కా?" అంది నన్ను చూసి. "ఈసారి ఏం పట్కొచ్చినవ్, పెండ్లి పత్రికనా?"

"సమన్స్ చెల్లె. తోడుగ ఒక ఆర్డరు గూడ ఉన్నది."

"సదువు."

చదివాను. వచ్చే వాయిదా వరకు, అంటే నాలుగు వారాలు, ఆ స్థలాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచాలని ఆర్డర్.

"ఉన్నది ఉన్నట్టంటే?"

"ఇప్పుడెట్లున్నదో అట్లనే. ఏం కట్టొద్దు, ఏం తియ్యొద్దు."

ఆమె మళ్లీ పైకి, మబ్బు పట్టిన ఆకాశం వైపు చూసింది. "ఇప్పుడైతే పైన మొగులున్నదక్కా. గదే ఉంచాల్నా?"

మేస్త్రీ నవ్వబోయి ఆగాడు.

పాత రేకులు ఏ రోజు విప్పుతారా అని చూసి, ఆ మర్నాడే దావా వేసినట్టు నాకు అర్థమైంది. రాజమణి కాగితం వైపు వంగి, "ఎవలేసిన్రు? ఆయనేనా?" అని అడిగింది.

"సరోజన."

"సరోజనక్కనా! పొద్దుగాలనే గద మా చెట్టుకు కరేపాకు తెంపుకపోయింది. నాతోని గంటసేపు ముచ్చట పెట్టింది!"

ఆమె మీద మధ్యంతర ఉత్తర్వు ఇట్లా వినకుండా రాకూడదు. మూడో దావా తర్వాత ఆమె వకీలు తొంభై రోజులకోసారి కేవియట్ వేస్తున్నాడు. కేవియట్ అంటే, ఫలానా మనిషి నా మీద దావా వేస్తే నాకు చెప్పకుండా ఆర్డర్ ఇవ్వొద్దని ముందే పెట్టుకునే అర్జీ. తొంభై రోజులు దాటితే అది చెల్లదు, మళ్లీ వేసుకోవాలి. ఆ అర్జీలో ఫలానా మనిషి అంటే భిక్షపతి. దావా వచ్చింది ఆయన భార్య సరోజన పేరు మీద. రాజమణికి భర్త పేరు బదులు తండ్రి పేరు, ఇంటికి పాత నంబరు బదులు కొత్త నంబరు రాశారు. కంప్యూటర్లో వెతికినా పాతవాటితో కలవదు. అంతా బయట పద్ధతిగానే ఉంది.

రాజమణి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, ఒక్కటే రోజు. రేపు ఇచ్చిన్నని రాస్కో. మేస్త్రీ ఉన్నడు, రేకులున్నయి. పొద్దుమూకేలోపు ఎక్కిచ్చుకుంట. రేపటికి ఉన్నది ఉన్నట్టంటే కప్పుంటది గద!"

ఇది నేను అనుకోని మాట. నిజమే, ఒక్కరోజు ఆగితే కప్పు పడుతుంది. ఆకాశం నల్లగా ఉంది. పట్టా కింద నూలు ఎన్ని రోజులు ఆగుతుంది? నా డైరీలో ఇంకా ఏమీ రాయలేదు. మేస్త్రీ తప్ప చూసినవాళ్లు లేరు.

"నేను రాయను చెల్లె," అన్నాను.

"నాటి దినం రాసినవ్ గద!"

"రాసిన. గోడ కూలింది, మగ్గం పోయింది. నువ్వు తప్పించుకోవాలని నేను రాసిన అబద్ధానికే గా ఆర్డరు రెండు నెలలు బతికింది. ఇయ్యాల నువ్వు రేకులెక్కిస్తే, రేపు ఆయన పోయి, ఆర్డర్ ఇచ్చినంక కట్టింది అంటడు. అప్పుడు నీ మీద వేరే కేసు. సంతకం పెట్టు. పెట్టి, ఇప్పుడే మీ వకీలు దగ్గరికి పో."

ఆమె సంతకం పెట్టింది. పెన్ను నా వైపు విసిరినట్టే ఇచ్చింది. "పో అక్కా పో. నీకేంది, గొడుగున్నది," అంది.

ఆ మాట పట్టుకుని కోర్టుదాకా నడిచాను. ఆటో ఎక్కబుద్ధి కాలేదు. ఆమె కోసం అబద్ధం రాయనన్నాను. సరే. కానీ నాకు తెలిసిన నిజమంతా రాస్తున్నానా? ఆ దావాను చూస్తున్న జడ్జి మేడమ్ ఏప్రిల్‌లోనే వచ్చారు. ఆమెకు ముందు ముగ్గురు జడ్జీలు మారారు. వకీళ్లు మారారు. బెంచి గుమాస్తా కూడా కొత్త. ఈ నాలుగు కాగితాలూ ఒకే గడపకు పోయాయన్నది కోర్టు తరఫున తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే.

ఆఫీసులో కూర్చుని డైరీలు తీశాను. రిటర్న్ ఇట్లా రాశాను. "ఈ రోజు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ప్రతివాదికి సమన్సు, ఉత్తర్వు స్వయంగా ఇచ్చి సంతకం తీసుకున్నాను. వెళ్లినప్పుడు షెడ్డుకు పాత కప్పు తీసి ఉన్నది, కొత్త కప్పు వేయలేదు. ఇది నేను ఇంతకు ముందు మూడు దావాలలో సమన్లు తీసుకుపోయిన ఇల్లే. నంబరు, తండ్రి పేరు వేరుగా ఉన్నవి. మనిషి, ఇల్లు, సందు అవే." కింద మూడు దావాల నంబర్లు వేశాను.

మా కాగితాలన్నీ నాజర్ దగ్గరికి పోతాయి. నాజర్ అంటే ప్రాసెస్ సర్వర్ల మీద అధికారి. మా నాజర్ రహీమొద్దీన్ సాబ్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి చదివాడు.

"కొమురమ్మా, గిది రిటర్నా, పేపర్ల ఖబరా?"

"ఉన్నదే రాసిన సాబ్."

"ఉన్నదంత రాయమని ఎవలన్నరమ్మా? ఇచ్చినవా, తీసుకున్నదా, దస్కత్ పెట్టిందా. బస్. కేసుల మంచిచెడ్డ మనకెందుకు?"

"మంచిచెడ్డ రాయలే సాబ్. ఇల్లు అదే అని రాసిన. గంతే."

ఆయన రిటర్న్‌ను మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "పాత ఫైళ్లు తెప్పిస్తరు. మూడోదాన్ల నీ తాళం రిటర్న్ గూడ ఉంటది. యాదికున్నదా? మగ్గం చప్పుడు గల్లీ చివరిదాక ఇనొస్తదని నువ్వే ఒకనాడు చెప్పినవ్. గా ఇంటికి తాళమెట్లుంటదని నాకు అప్పుడే అనుమానమొచ్చింది. అడగలే."

"యాదికున్నది సాబ్."

"చించి ఇంకోటి రాస్తవా?"

"రాయను."

ఆయన కళ్లద్దాలు కిందికి దించుకుని ముద్ర వేశాడు. "తీస్కపో. నౌకరి పోయేంత తప్పు గాదు గాని, నవ్వులపాలైతవ్. నేనైతే నవ్వ."

మర్నాడు రాజమణి వకీలు, వాయిదా నాలుగు వారాలకు కాకుండా ముందుకు జరపమని అర్జీ పెట్టాడు. దాని మీద జడ్జి మేడమ్ ఫైలు తెప్పించుకుని, సమన్స్ వెనక్కి తిప్పి చూశారట. నన్ను చాంబర్‌లోకి పిలిచారు. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో. నా రాతను వేలితో చూపించి, "ఇది మీరు రాసిందేనా? ఎలా గుర్తుపట్టారు?" అని అడిగారు.

చెప్పాను. డైరీలు చూపించాను. ఆమె మూడు పాత ఫైళ్లు రికార్డ్ రూమ్ నుంచి తెమ్మని రాశారు. నేను అక్కడే నిలబడ్డాను.

"ఇంకేమైనా ఉందా?"

"మూడో ఫైలులో నా తప్పు ఒకటి ఉంది మేడమ్. చూడకముందే చెప్పాలి," అని, తాళం సంగతి చెప్పాను.

ఆమె పెన్ను కింద పెట్టారు. "మీ రిటర్న్ ప్రమాణం చేసి ఇచ్చేది. మీరు రాసిందే కోర్టుకు కళ్లు. తెలుసా?"

"అప్పుడు తెల్వలేదు మేడమ్. గోడ పడ్డాక తెలిసింది."

"మీకు మెమో ఇస్తాను. రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి," అన్నారు. కోపం లేకుండానే అన్నారు. నేను దండం పెట్టి వచ్చాను. వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మూడేళ్లుగా లోపల ఉన్న బరువు కొంత దిగింది.

వాయిదా ఐదో రోజుకు జరిగింది. ఆ ఐదు రోజుల్లో రెండుసార్లు పెద్ద వాన పడింది. నేను కొత్తవాడ వైపు పోలేదు.

ఆ రోజు మేడమ్ వాదిని స్వయంగా రమ్మన్నారు. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ టెన్ అని ఒకటుంది. మొదట్లోనే జడ్జి పార్టీలను నేరుగా నోటితో అడిగి, అసలు తగాదా ఏమిటో తేల్చుకోవచ్చు. ఎక్కువమంది వాడరు, టైము ఉండదు. సరోజన కొంగు నిండా కప్పుకుని ముందుకొచ్చింది. భిక్షపతి సారు వెనకాలే వచ్చి ఆమె చెవి దగ్గర ఏదో అంటున్నాడు.

"మీరు వెళ్లి కూర్చోండి. నేను వాదిని అడుగుతున్నాను," అన్నారు మేడమ్. ఆయన కూర్చున్నాడు.

"ఈ దావా మీరే వేశారా అమ్మా?"

"ఆయన వేసిండు మేడమ్. నేను దస్కత్ పెట్టిన."

"ఎవరి మీద వేశారో తెలుసా?"

"మున్సిపాల్టీ మీద గద? మోరీ కాల్వ కోసమన్నడు."

హాలులో నవ్వు లేచింది. మేడమ్ నవ్వలేదు. "రాజమణి మీద వేశారు. అదిగో, అక్కడ నిలబడింది."

సరోజన తిరిగి చూసింది. "నీ మీదనా రాజమణీ?"

"అవునక్కా. నీ దస్కతే ఉన్నది దాని మీద."

సరోజన భర్త వైపు తిరిగింది. కోర్టు హాలని మరిచిపోయింది. "ఏమయ్యా! దినాం దాని గడపల కూసోని చిక్కుడుకాయ ఒలుస్త నేను. దాని మీద్నే నన్ను కోర్టుకెక్కిచ్చినవా? గందుకేనా మొన్నటిసంది దాని ఇంటికి పోకు, పోకు అంటానవ్?"

"అమ్మా, ఇటు చూడండి," అన్నారు మేడమ్. "మీకు ఆమెతో తగాదా ఏమైనా ఉందా? ఆ రెండడుగుల సందు మీకు కావాలా?"

"ఏం జేసుకోను మేడమ్? ఉన్న ఇల్లే ఊడ్వ చేతనైతలేదు నాకు."

అప్పుడు భిక్షపతి సారును పిలిచారు. బల్ల మీద మూడు పాత ఫైళ్లు ఉన్నాయి. ఇదే విషయం మీద ముందు దావాలు వేశారు కదా, ఇందులో ఎందుకు రాయలేదు అని అడిగారు. ఆయన సంచి సర్దుకుని, చాలా మర్యాదగా జవాబిచ్చాడు.

"అవి వేరే మేడమ్. మొదటిది జాగ సంగతి. రెండోది నీళ్ల సంగతి. మూడోది గోడ సంగతి. ఇది గాలి, వెలుతురు సంగతి."

"స్థలం?"

"స్థలం అదే మేడమ్."

అన్నాక ఆయనకే అర్థమైనట్టుంది. జేబులో పెన్ను తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

ఇరుపక్షాల వకీళ్లను విన్నాక, సాయంత్రం నాలుగు గంటలకు మేడమ్ ఆర్డర్ డిక్టేట్ చేశారు. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. ఆర్డర్ సెవెన్ రూల్ ఎలెవెన్ కింద దావాను మొదట్లోనే తిరస్కరించారు. ఆ రూలు ప్రకారం, వాదికి అసలు ఫిర్యాదే లేకపోయినా, చట్టం అడ్డుపడే దావా అయినా, సాక్షులూ విచారణా దాకా లాగకుండా గడప దగ్గరే ఆపవచ్చు. ఫిర్యాదు లేదని వాదే నోటితో చెప్పింది. తీర్పు అయిపోయిన తగాదాను వేషం మార్చి తెచ్చారని రాశారు. మధ్యంతర ఉత్తర్వు రద్దయింది. వేధింపు దావా వేసినందుకు సెక్షన్ థర్టీ ఫైవ్ ఎ కింద రాజమణికి ఖర్చులు కట్టమన్నారు. ఆ సెక్షన్ కింద కింది కోర్టు వేయగలిగింది చిన్న మొత్తమే, మేడమ్ ఆ మాట కూడా అన్నారు. ఆ స్థలం మీద మళ్లీ ఎవరు దావా తెచ్చినా పాత నాలుగు నంబర్లతో కలిపి బెంచి మీద పెట్టాలని మా ఫైలింగ్ సెక్షన్‌కు నోట్ పంపారు.

రాజమణి చేతులు కట్టుకుని, "మేడమ్, ఒక్క మాట. ఈయన ఇగ కోర్టు మెట్లెక్కకుంట రాయున్రి," అంది.

"అలా నేను రాయలేనమ్మా," అన్నారు మేడమ్. "ఒక మనిషిని కోర్టుకే రావొద్దనే అధికారం ఈ కోర్టుకు లేదు. ఉండకూడదు కూడా. రేపు ఈయనకు నిజంగా అన్యాయం జరిగితే ఎక్కడికి పోవాలి? పాత తగాదానే మళ్లీ తెస్తే మాత్రం మిమ్మల్ని పిలవకముందే నేను అడుగుతాను. అది నా పని."

రాజమణికి పూర్తిగా నచ్చలేదు. కానీ తల ఊపింది. ఆమె నా వైపు చూడకుండానే నన్ను దాటి పోయింది. సరోజన మాత్రం ఆమె వెనకాలే పరుగెత్తింది, "ఆగు రాజమణీ, ఒక్కతే ఎట్ల పోతానవ్, నేనూ వస్త," అంటూ. భిక్షపతి సారు ఒక్కడే వేరే ఆటోలో పోయాడు.

మర్నాడు పక్క గల్లీలో వేరే సమన్స్ ఉండి కొత్తవాడ పోయాను. రేకుల మీద సుత్తి చప్పుడు గల్లీ మొదట్లోకే వినిపించింది. నేను ఆగలేదు. మాకు పార్టీల ఇళ్లలో పని లేకుండా ఆగే అలవాటు ఉండకూడదు. రాజమణి నిచ్చెన కింద నుంచి చూసి, "అక్కా! ఒక మగ్గం నూలే కరాబయింది. ఇంకోటి మంచిగున్నది!" అని అరిచింది. నేను చెయ్యి ఎత్తి ముందుకు పోయాను. ఆ చప్పుడు నాకు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను.

మెమోకు నేనే జవాబు రాశాను. రహీమొద్దీన్ సాబ్ రాసిస్తానన్నాడు, వద్దన్నాను. మూడు రోజులు పట్టింది. తప్పు ఒప్పుకున్నానని, మళ్లీ జరగదని ఒకటిన్నర పేజీ వచ్చింది. హెచ్చరికతో వదిలారు. అది నా సర్వీసు రిజిస్టర్‌లో ఉంది, ఉండాలి కూడా.

ఈ కేసు నుంచి నేనేం నేర్చుకున్నానని కొత్తగా చేరిన ప్రాసెస్ సర్వర్లు అడుగుతుంటారు. కోర్టును అడ్డం పెట్టుకుని వేధించే మనిషికి కావలసింది గెలుపు కాదు, ఆలస్యం. ఆ ఆలస్యం జడ్జి దగ్గరే పుడుతుందని అందరూ అనుకుంటారు. సగం మా చేతుల్లో పుడుతుంది. జాలిపడి దాచిన కాగితం, బద్ధకంతో అంటించిన కాగితం, చూసి కూడా రాయని మాట, అన్నీ అటువైపే పోతాయి. కింది కోర్టుకు ఆపే అధికారం ఉంది. కానీ అది ఏం చూసి ఆపాలో తెలియాలంటే, గడప దాకా నడిచిన మనిషి ఉన్నది ఉన్నట్టు రాయాలి. వాళ్లకు నేను చెప్పేది అంతే.

పోయిన ఏడాది భిక్షపతి సారు మళ్లీ వచ్చాడు. ఈసారి వరండాలో కూర్చోలేదు. మా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ లేదు. ఆయన ఇంటికి అవతలి వైపు అపార్ట్‌మెంట్ కోసం ఎవరో సెల్లార్ తవ్వుతున్నారు. ఈయన గోడ నిలువునా పగిలింది, ఫోటోలు తెచ్చాడు. చెయ్యి పట్టేంత పగులు.

"అమ్మా, నన్ను రానిస్తరా ఇగ?" అని అడిగాడు.

"ఎందుకు రానియ్యరు సార్? ఆ కిటికీ దగ్గర ఇయ్యున్రి."

ఆయన దావా కాగితం మొదటి పేజీలో, ఎవరూ అడగకముందే, పాత నాలుగు నంబర్లూ తన పెన్నుతో వరుసగా రాసి, "ఇది వేరే స్థలం" అని కింద గీత గీశాడు. మేడమ్ ఫోటోలు చూసి, తవ్వకం ఆపమని ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు ఇచ్చారు. సమన్స్ నా చేతికొచ్చింది. ఆయన మెట్ల దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు.

"గెలుస్తనంటవా అమ్మా?"

"అది నాకెర్క లేదు సార్. కాగిదమైతే ఇయ్యాల్నే చేరుతది."

ఆ రోజే చేర్చాను.